ఆటంబాంబు అంటే కుడి మోకాలు

మేము అణ్వాయుధాలు తయారు చేయడం లేదని నేను మొదటి ఉత్తరం రాసింది పట్టాభిరామ్‌లో, ఒక మంగళవారం పొద్దున, టీ తాగుతూ. రెండో ఉత్తరంలో క్షిపణులు కూడా తయారు చేయడం లేదని రాశాను. మొదటి దాంట్లో ఆ మాట మర్చిపోయానని వాళ్లే గుర్తుచేశారు.

నేనొక చిన్న వర్క్‌షాపులో గుమాస్తాను. పుట్టింది కే.జీ.కండిగైలో, కాపురం తిరుత్తణిలో. రోజూ పొద్దున రైలెక్కి చెన్నై పక్కన పట్టాభిరామ్‌లో దిగుతాను, సాయంత్రం తిరుగు రైలెక్కుతాను. మా ఆఫీసు అంటే షెడ్డు మూలన ఒక అద్దాల గది. అందులో ఒక బల్ల, ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, నేను. ఉత్తరాలు, బిల్లులు, సెలవు చీటీలు, కరెంటాఫీసుతో తగాదాలు అన్నీ నా పనే. ఇంగ్లీషులో మాట్లాడమంటే తడబడతాను గానీ ఆఫీసు ఉత్తరం రాయమంటే ఎవరికీ తీసిపోను.

మేము చేసేవి మోకాళ్లు. మోకాలి ఆపరేషన్లలో తొడ ఎముక చివర తొడిగే లోహపు తొడుగు ఒకటి ఉంటుంది. నున్నగా మెరుస్తూ, చూడటానికి చిన్న గుర్రపు డెక్కలా ఉంటుంది. ఆస్పత్రులకు సరఫరా చేసే ఒక కంపెనీ పోతపోసిన ముద్దలు మాకు పంపుతుంది. మేము వాటిని కొలతకు చెక్కి వెనక్కి పంపుతాం. ఎడమకాలు, కుడికాలు, ఒక్కోదాంట్లో ఐదు సైజులు. షెడ్డులో ఎవరూ వాటిని పూర్తి పేరుతో పిలవరు. సాయంత్రం నేను లెక్క రాసుకోవడానికి వెళ్లి, "ఈరోజు ఎన్ని మోకాళ్లు అయినాయి?" అని అడుగుతాను. "పదకొండు అయినాయక్కా, ఒకటి పగిలిపోయింది" అంటాడు ఆపరేటర్. బయటివాళ్లెవరైనా అక్కడ నిలబడి ఉంటే ఒక అడుగు వెనక్కి వేస్తారు.

మా యజమానిని అందరం అన్నా అంటాం. తిరువళ్లూరు దగ్గరి పల్లె ఆయనది, మా మాదిరే ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. పక్క ఊరు ఆవడిలో ఒక సర్కారు ఫ్యాక్టరీలో పద్దెనిమిదేళ్లు లేతు మెషిన్ మీద పనిచేసి, ముందుగానే రిటైర్మెంటు తీసుకుని ఈ షెడ్డు పెట్టాడు. రిటైరైన రోజు ఫ్యాక్టరీ గేటు ముందు మెడలో దండతో తీయించుకున్న ఫొటో నా బల్ల వెనక గోడకు వేలాడుతుంటుంది. మోకాళ్లు చేసే మనిషికి సొంత మోకాళ్లు రెండూ బాగుండవు. కూర్చుంటే లేవడానికి ఏదో ఒకటి పట్టుకోవాలి.

మోకాలు చెక్కే మెషిన్ జపాన్ నుంచి వచ్చింది. మామూలు మెషిన్ లోహాన్ని పైనుంచో పక్కనుంచో చెక్కుతుంది. ఇది అన్ని వైపుల నుంచీ తిరుగుతూ, మనం మామిడిపండు తొక్క తీసినంత సులువుగా చెక్కుతుంది. దాంతోపాటు ఒక కాగితాల కట్ట కూడా వచ్చింది. ఈ మెషిన్‌ను సైనిక అవసరాలకు వాడము, ఇంకొకరి చేతికి ఇవ్వము, ముందుగా తెలపకుండా ఉన్నచోటి నుంచి కదిలించము అని అందులో ఉంది. కింద అన్న సంతకం, సాక్షిగా నా సంతకం. ఆయన చదవకుండా చేశాడు. నేను చదివే చేశాను. కాకపోతే కదిలించడమంటే లారీకెక్కించి వేరే ఊరికి పట్టుకుపోవడం అనుకున్నాను.

రెండేళ్లు బాగా గడిచాయి. మూడో ఏడు వానాకాలంలో వెనకవైపు చెరువు నిండి, నీళ్లు రోడ్డు దాటి మా షెడ్డులోకి వచ్చాయి. మొదటి రోజు చెప్పులు తడిశాయి. రెండో రోజు చీలమండలు మునిగాయి. అన్న చెక్క బల్ల మీద నిలబడి మెషిన్ కేసి చూస్తూ ఉండిపోయాడు. ఇంకో జానెడు లేస్తే నీళ్లు దాని కరెంటు పెట్టెకు తగులుతాయి.

"పక్క షెడ్డు ఖాళీగా ఉండాది కదా, దాని నేల ఎత్తు," అన్నాడు. "జరిపేద్దాం."

పక్క షెడ్డు కూడా మా యజమానిదే, అప్పటిదాకా అందులో అట్టపెట్టెలు పెట్టుకునేవాళ్లం. నీళ్లు తీసిన మర్నాడే మెషిన్లు జరిపే ముఠాను పిలిపించారు. వాళ్లు జాకీలు పెట్టి లేపి, ఇనుప గొట్టాల మీద దొర్లిస్తూ, "మెల్లగా, మెల్లగా" అని ఒకరినొకరు గట్టిగా అరుచుకుంటూ మధ్యాహ్నానికి కొత్త చోట దించారు. అన్న గుమ్మడికాయ కొట్టి కర్పూరం వెలిగించాడు. మా ఆపరేటర్ తిరువళ్లూరు నుంచి వచ్చే క్రైస్తవుడు. హారతి అయ్యేదాకా చేతులు కట్టుకుని పక్కన నిలబడి, తర్వాత మెషిన్ మీద చెయ్యి ఆనించి తన ప్రార్థన తను చేసుకున్నాడు. ఇద్దరి దేవుళ్లకూ చెప్పాం గానీ మెషిన్ చేసినవాళ్లకు చెప్పాలని ఎవరికీ తోచలేదు.

స్విచ్ వేస్తే తెర వెలిగింది. రోజూ వచ్చే అంకెల బదులు పసుప్పచ్చ పట్టీ మీద ఇంగ్లీషులో రెండు వాక్యాలు వచ్చాయి. యంత్రం స్థానం మారినట్టు గుర్తించామని ఒకటి, తయారీదారును సంప్రదించండని ఇంకొకటి.

ఆపరేటర్ నన్ను కేకేశాడు. "అక్కా, మనం జరిపినామని దీనికి తెలిసిపోయినాది."

అన్న దాన్ని ఆపి మళ్లీ వేయమన్నాడు. వేశాడు. ఐదుసార్లు వేశాడు. ఆరోసారి అన్నే స్వయంగా వేశాడు. యజమాని వేసినా అదే మాట చెప్పింది.

మెషిన్ అమ్మిన కంపెనీకి చెన్నైలో ఒక ఏజెంటు ఉన్నాడు. నేనే ఫోను చేశాను. మేం మాట్లాడుకున్నది తమిళంలో, దాన్ని ఇక్కడ మన మాటల్లో రాస్తున్నాను.

"మెషిన్ జరిపారా?" అన్నాడు ఆయన మొదటే.

"జరిపినాం సార్."

"ఎంత దూరం?"

అప్పటికే ఆపరేటర్ టేపు పెట్టి కొలిచి ఉన్నాడు. "నలభై ఏడు అడుగులు సార్."

"ఏ దేశానికి?"

నేను సరిగ్గా వినలేదేమోనని ఫోను రెండో చెవికి మార్చాను.

"ఫారంలో ఆ ప్రశ్న ఉందమ్మా. ఏ దేశానికి జరిపారు?"

"పక్క షెడ్డుకి సార్."

"అంటే ఇండియాలోనే."

"పట్టాభిరామ్‌లోనే సార్."

ఆయన రాసుకుంటున్న చప్పుడు వినిపించింది. తర్వాత ఓపిగ్గానే చెప్పాడు. ఇలాంటి మెషిన్ మోకాలు చెక్కినంత బాగానే క్షిపణి ముక్కల్ని కూడా చెక్కగలదట. అందుకే వాళ్ల దేశం దాన్ని ఎవరికి పడితే వాళ్లకు పంపనివ్వదు. పంపినా, ఒక చోటు పేరు చెప్పి కొని దొంగచాటుగా ఇంకో దేశానికి తరలించేవాళ్లు ఉంటారు కాబట్టి, కదిలిస్తే తాళం పడేలా లోపలే ఒక పరికరం పెడతారు. తాళం తీయాలంటే ఆ దేశపు మనిషి వచ్చి కళ్లారా చూసుకోవాలి. "మీ మీద అనుమానం అనుకోకండి. అందరికీ ఒకటే తాళం," అన్నాడు.

ఫోను పెట్టేసి అన్నకు చెప్పాను. ఆయన వెళ్లి మెషిన్ చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు. చివరికి, "మన మెషినే కదమ్మా?" అన్నాడు. కాగితం మీద మనదే అన్నాను.

మర్నాటికి ఫారాలు వచ్చాయి. ముప్పై ఒక్క పేజీలు. మా ఇల్లు కట్టుకోవడానికి కూడా అన్ని కాగితాలు నింపలేదు. షెడ్డు మ్యాపు, మెషిన్ ఏ గోడకు ఎన్ని అడుగుల్లో ఉందో కొలతలు, నాలుగు దిక్కుల ఫొటోలు, చేసే వస్తువు పేరు, అది చివరికి ఎవరి చేతికి వెళుతుంది. ఈ చివరి ప్రశ్న దగ్గర నేను ఆగాను. ఎవరి చేతికీ వెళ్లదు, కాలికి వెళుతుంది. అలాగే రాశాను. అణ్వాయుధాలు, రసాయనిక ఆయుధాలు, క్రిములతో చేసే ఆయుధాలు, వీటిలో దేనితోనైనా మీకు సంబంధం ఉందా అంటూ ఒక్కోదానికి ఒక్కో గడి ఉంది. అన్నిట్లో లేదని గుర్తు పెట్టి, నమ్మకం కోసం విడిగా ఉత్తరం కూడా జతచేశాను. మొదట చెప్పిన ఉత్తరం అదే.

పంతొమ్మిదో పేజీలో చిక్కు వచ్చింది. ఈ సంస్థ యజమానులు గానీ ఉద్యోగులు గానీ ఎప్పుడైనా సైన్యానికి సంబంధించిన ఫ్యాక్టరీలో పనిచేశారా అని అడిగారు.

ఆవడిలో అన్న పనిచేసిన చోట సైన్యం బండ్లకు విడిభాగాలు చేసేవాళ్లు. ఆ ప్రశ్న ఆయనకు చదివి వినిపించాను.

"లేదని పెట్టెయ్యమ్మా," అన్నాడు. "జపాన్‌లో ఉండేవాళ్లకి యాడ తెలస్తాది?"

"వాళ్లు ఇక్కడికే వస్తారంట కదన్నా. ఫొటో గోడ మీదే ఉండాది."

"ఫొటో దించేద్దాం."

నేను లేచి ఫొటో దించడానికి స్టూలు జరిపాను. నిజంగా దించాలనే లేచాను. ఆయన చెబితే ఇంతకుముందు ఎన్నో చేశాను, ఇదొక లెక్క కాదు. స్టూలు ఎక్కి మేకు మీంచి తాడు తీస్తుండగా ఆయన వెనక నుంచి, "ఉండు" అన్నాడు.

దిగి చూస్తే ఆయన కుర్చీ చేతులు రెండూ గట్టిగా పట్టుకుని ఉన్నాడు. లేవబోయి ఆగినట్టున్నాడు.

"పద్దెనిమిదేళ్లమ్మా. ఒక్క దినం లేటుగా పోలేదు. ఇప్పుడు నేనే అది లేదని రాస్తే ఎట్లా? రాసెయ్ ఉన్నది ఉన్నట్టు. తాళం తీస్తే తీస్తారు, లేకుంటే లేదు."

"అక్కడ మీరేం చేసేవాళ్లు అని కూడా అడిగినారన్నా."

"బ్రేకు పెడలు పిన్నులు."

"ఇంకేమన్నా?"

"పద్దెనిమిదేళ్లూ బ్రేకు పెడలు పిన్నులే. వేరే ఏదీ ఇయ్యలేదు నాకు." ఆ మాట చెప్పినప్పుడు ఆయన ముఖంలో పాత కోపం ఒకటి కనిపించింది. అంతకుముందు నాకు ఆ సంగతి తెలియదు.

బ్రేకు పెడలు పిన్నులు అని రాశాను. ఫొటో మళ్లీ మేకుకు తగిలించాను.

ఫారాలు పంపాక ఎదురుచూపులు మొదలయ్యాయి. మోకాలి పైపని పాత మెషిన్ మీద కొంత లాగొచ్చు గానీ ఆ వంపులు దానికి రావు. ముద్దలు పంపే కంపెనీ రెండు వారాలు ఊరుకుని, తర్వాత వాటిని వేరే ఊరికి పంపడం మొదలుపెట్టింది. వాళ్ల దగ్గర పనిచేసే ఒకావిడ నాకు ఫోను చేసి, "ఎడమ నాలుగో సైజు అయినా ఇవ్వలేరా? ఆపరేషన్ తేదీలు వెనక్కి జరుపుతున్నారు" అంది. ఎవరి కాలో, ఏ ఊరో తెలియదు. ఎడమకాలు నాలుగో సైజు మనిషి ఒకరు ఎక్కడో మంచం మీద కూర్చుని ఉన్నారన్న మాట మాత్రం మనసులో ఉండిపోయింది. అన్నకు చెప్పాను. ఆయన తన మోకాలు రాసుకుంటూ విన్నాడు.

ఆపరేటర్ మాత్రం రోజూ టైముకు వచ్చేవాడు. మెషిన్ తుడిచి, నూనె చూసి, తెర వెలిగించి, పసుప్పచ్చ పట్టీ ఇంకా ఉందని నిర్ధారించుకుని ఆపేసేవాడు. తాళం వేసిన ఇంటి ముందు ముగ్గేసినట్టుండేది ఆ పని. ఒకరోజు నాతో, "అక్కా, నేనే దాని స్థానంలో ఉంటే ఇన్ని దినాలు అలగను" అన్నాడు. చెన్నైలోని పాడిలో ఒక పెద్ద వర్క్‌షాపు వాళ్లు అతన్ని పిలిచారు. వెళ్లలేదు.

ఫిబ్రవరి చివర్లో జపాన్ నుంచి మనిషి వచ్చాడు. వెంట చెన్నై ఏజెంటు. వచ్చినాయన అరవైకి దగ్గరవాడు, సన్నగా, గుడ్డ సంచి భుజాన వేసుకుని ఉన్నాడు. షెడ్డు గుమ్మంలో ఎవరూ చెప్పకుండానే బూట్లు విప్పేశాడు. లోపల నేలంతా ఇనుప రజను. ఆపరేటర్ పరుగెత్తుకెళ్లి తన రబ్బరు చెప్పులు తెచ్చి ముందు పెట్టాడు. ఆయన వంగి నమస్కారం పెట్టి వాటిని తొడుక్కున్నాడు. ఆ రోజంతా మా ఆపరేటర్ ఉత్త కాళ్లతో తిరిగాడు.

ఆయన మాటలు తక్కువ. గోడ నుంచి కొలిచాడు, పైకప్పు ఫొటో తీశాడు, మెషిన్ మీద అంకెలను తన కాగితంలోని అంకెలతో సరిచూసుకున్నాడు. అడుగుభాగం చూడటానికి నేల మీద మోకాళ్లు మడిచి కూర్చుని పది నిమిషాలు అలాగే ఉండి, చెయ్యి కూడా ఆనించకుండా లేచాడు. అన్న ఆయన్నే చూస్తూ నిలబడ్డాడు. అంత ఈర్ష్యగా ఆయన ఇంకొకరిని చూడటం నేనెప్పుడూ ఎరగను.

తర్వాత ఆయన ఒక చిన్న తాళంచెవి లాంటిది మెషిన్‌కు గుచ్చి, లోపల దాచి ఉన్న ప్రోగ్రాముల పట్టిక తెర మీదికి తెచ్చాడు. ప్రోగ్రాము అంటే ఏది ఎలా చెక్కాలో మెషిన్‌కు చెప్పే పాఠం. మోకాలి సైజుకొకటి చొప్పున పది ఉన్నాయి. ప్రతిదానికీ ఆపరేటర్ ఇంగ్లీషు అక్షరాల్లో ఒక పేరు పెట్టుకున్నాడు. జపాన్ మనిషి కలంతో ఒక్కో పేరు కిందా చూపుతూ నెమ్మదిగా చదివాడు.

"రాకెట్," అన్నాడు.

కలం ఇంకాస్త కిందికి జరిగింది.

"ఆటంబాంబ్," అన్నాడు.

ఏజెంటు నా వైపు చూశాడు. నేను ఆపరేటర్ వైపు చూశాను. ఆపరేటర్ తన ఉత్త కాళ్ల వైపు చూసుకున్నాడు.

ఆ పేర్లు నాకూ తెలుసు. రోజూ వింటున్నవే. ఫారంలో వాటి గురించి అడగలేదు కాబట్టి రాయలేదు.

"అవి దీపావళి టపాసులు సార్," అన్నాడు ఆపరేటర్ ఏజెంటుతో. "ఎడమకాలు, కుడికాలు కలిసిపోకుండా నేనే పెట్టుకున్నాను. ఎడమకాలివి వెలిగేవి, కుడికాలివి పేలేవి. కాకరపువ్వొత్తి, భూచక్రం, చిచ్చుబుడ్డి, అట్లా పెద్దయ్యేకొద్దీ పెద్దది. రాకెట్ ఎడమ ఐదు. కుడికాలు అన్నిటికంటే పెద్దది ఆటంబాంబు."

"రాకెట్ పేలదా?" అన్నాడు ఏజెంటు.

"పైకి పోయి వెలుగుతుంది సార్. అందుకే ఎడమ."

ఏజెంటు ఇదంతా ఇంగ్లీషులో చెప్పాడు. జపాన్ మనిషి చివరిదాకా విన్నాడు. నవ్వలేదు, కోప్పడలేదు. పుస్తకంలో ఏదో రాసుకుని రెండు కోరికలు కోరాడు. ఒకటి, ఒక్కరోజుకు పనికొచ్చే తాళంచెవి ఇస్తాను, పది ప్రోగ్రాములూ మైనం ముద్దల మీద నడిపి ఏం తయారవుతుందో చూపించండి. రెండు, ఈ పేర్లతో ఇక్కడ నిజంగానే టపాసులు ఉన్నాయని ఏదైనా ఆధారం చూపించండి.

మొదటిది ఆపరేటర్ పని. రెండోది నా మీద పడింది.

దీపావళి కాని రోజుల్లో మా వైపు టపాసులు దొరికేది తిరువళ్లూరులో, ఒక పాత హోల్‌సేల్ కొట్లో. రైలెక్కి వెళ్లాను. కొట్టాయన తెలుగువాడే. కళ్లద్దాలు పైకి జరిపి, "పెళ్లా, చావా?" అని అడిగాడు. మా ప్రాంతంలో చావుకు కూడా టపాసులు కాలుస్తారు, అడగడంలో తప్పు లేదు.

"రెండూ కాదు మామా, ఆఫీసు పని."

"ఆఫీసులో ఎవరు పోయినారు?"

"ఎవరూ పోలేదు. ఆటంబాంబు ఒకటి, రాకెట్ ఒకటి, లక్ష్మీబాంబు ఒకటి, ఇట్లా పది రకాలు కావల్ల. ఒక్కొక్కటే."

ఆయన లోపలి నుంచి పెట్టెలు తెస్తుండగా నాకు గుర్తొచ్చింది, రైల్లో టపాసులు తీసుకెళ్లకూడదు. బస్సులోనూ కూడదు. మా ఆయన తిరుపతి రూటులో కండక్టరు, ఈ సంగతి ఇంట్లో వారానికోసారి వింటాను. ఒక దేశపు చట్టం కోసం పోతూ ఇంకో దేశపు చట్టం తప్పడం నాకు ఇష్టం లేకపోయింది.

"మామా, టపాసులు వద్దు. ఖాళీ పెట్టెలు ఇస్తారా?"

ఆయన చేతిలో పెట్టె గల్లా మీద పెట్టి నన్ను కాసేపు చూశాడు. "ఏమ్మా, నీకు ఒంట్లో బాగుండాదా?" అన్నాడు. అయినా ఇచ్చాడు. గోడౌన్లో విప్పి పడేసిన పెట్టెలు ఏరి, దుమ్ము దులిపి, పురికొసతో కట్టి ఇచ్చాడు.

నేను తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. బల్ల మీద నాలుగు మైనపు మోకాళ్లు ఉన్నాయి, ఐదోది మెషిన్లో తిరుగుతోంది. ఇన్నాళ్ల తర్వాత ఆ చప్పుడు వినబడితే చెవులకు హాయిగా అనిపించింది. జపాన్ మనిషి స్టూలు మీద కూర్చుని, నేను పొద్దున ఇచ్చి వెళ్లిన డబ్బాలోంచి నిమ్మకాయ పులిహోర తింటున్నాడు. పక్కన అన్న కూడా తింటున్నాడు. ఇద్దరికీ ఒక భాష లేదు. అన్న తన కుడి మోకాలు చూపించి వంచబోయి వంగదన్నట్టు చెయ్యి ఊపాడు. ఆయన తల ఊపి, తన నడుము మీద చెయ్యి పెట్టుకుని ముఖం చిట్లించాడు. దాంతో ఇద్దరికీ పరిచయం అయిపోయింది.

సాయంత్రం ఐదున్నరకు పదో మోకాలు బయటికి వచ్చింది. నేను బల్ల మీద ఒక్కో మోకాలి పక్కన దాని టపాసు పెట్టె పెట్టాను. ఎర్ర మంటల మధ్య పులిబొమ్మ ఉన్న ఆటంబాంబు పెట్టె, దాని పక్కన కుడికాలు ఐదో సైజు. ఆయన ప్రతి జతనూ విడిగా, కొలత కోసం పక్కన తన కలం పెట్టి ఫొటో తీశాడు. చివరికి ఆ పెద్ద మోకాలు చేతిలోకి తీసుకుని, తన పంట్లాం మీదుగా కుడికాలికి ఆనించి చూసుకున్నాడు. ఆయనకు రెండు సైజులు పెద్దది. ఏజెంటుతో ఏదో అన్నాడు.

"ఏమంటాండాడు సార్?" అన్నాడు అన్న ఆత్రంగా.

"వాళ్ల ఊళ్లో కూడా ఎండాకాలం పిల్లలు టపాసులు కాలుస్తారట. ఒకటి దారంలా సన్నగా ఉంటుందట, దాన్ని కదిలించకుండా పట్టుకోవాలట. కదిలిస్తే ఆరిపోతుందట."

ఆపరేటర్ ఆ మాట విని మెషిన్ వైపు చూశాడు.

ఆ రోజుకిచ్చిన తాళంచెవి గడువు ఆరింటికి తీరిపోయింది. తెర మీద పసుప్పచ్చ పట్టీ మళ్లీ వచ్చింది. ఆయన బూట్లు తొడుక్కుని, అందరికీ వంగి నమస్కారం పెట్టి, పోతూ పోతూ నా గదిలో గోడ మీది ఫొటో ముందు ఒక్క క్షణం ఆగాడు. ఫొటోలోని మనిషినీ అన్ననూ చూసి, "బ్రేక్ పిన్," అన్నాడు. అన్న "యస్ సార్" అన్నాడు, ఫ్యాక్టరీలో పిలుపుకు పలికినట్టు నిటారుగా నిలబడి.

మూడు వారాల తర్వాత అనుమతి వచ్చింది. పొడుగాటి ఉత్తరం, చివర పదహారు అక్షరాల తాళపు సంఖ్య. ఆపరేటర్ ఒక్కో అక్షరం నాతో చదివించుకుంటూ కొట్టాడు. పసుప్పచ్చ పట్టీ పోయి అంకెలు వచ్చాయి. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎడమ నాలుగో సైజు ముద్ద ఎక్కడుందని అన్న అడిగాడు. అది ముందే బిగించి పెట్టి ఉంది.

ఉత్తరంలో ఒక సలహా కూడా ఉంది. ప్రోగ్రాములకు తగిన పేర్లు పెట్టుకుంటే మంచిదని. మేమిద్దరం కూర్చుని రైల్వే స్టేషన్ల పేర్లు పెట్టాం. తిరువాలంగాడు ఎడమ రెండు, వేప్పంపట్టు కుడి మూడు, ఇలా. "చప్పగా ఉండాయి అక్కా," అన్నాడు ఆపరేటర్. చప్పగా ఉండటమే కావలసిందన్నాను.

ఈ సంగతి చుట్టుపక్కల షెడ్లకు పాకింది. విదేశాలకు సరుకు పంపేవాళ్లు, మెషిన్లు తెప్పించుకునేవాళ్లు ఫారాలు పట్టుకుని నా దగ్గరికి రావడం మొదలుపెట్టారు. ముప్పై ఒక్క పేజీలు నింపి గట్టెక్కిన మనిషి ఆ వీధిలో నేనొక్కదాన్నే. చాలావాటిలో ఏమీ ఉండదు. పంపు మూతలు, కుట్టుమిషను చక్రాలు.

రెండు వీధుల అవతల ఒకాయన చిన్న లేతు షెడ్డు నడుపుతాడు. ఆయనొకసారి ఫారంతో పాటు ఒక డ్రాయింగు తెచ్చాడు. మందపాటి ఉక్కు వలయం. వాడాల్సింది మామూలు ఉక్కు కాదు, మా దగ్గర కూడా దొరకని గట్టి రకం. కొలతల్లో వెంట్రుక మందంలో పదోవంతు కూడా తేడా రాకూడదని ఉంది. కొనేవాళ్ల దేశం ఒకటి, సరుకు దించాల్సిన రేవు ఇంకో దేశంలో ఉంది. డ్రాయింగు మీద వస్తువు పేరు లేదు.

"ఇది దేనికన్నా?" అని అడిగాను.

"పంపు భాగం అని రాసెయ్ అక్కా."

"ఏ పంపు?"

"పంపంటే పంపే. వాళ్లు బొమ్మ పంపిస్తారు, మనం చెక్కి పంపిస్తాం. అదంతా ఎవరు అడుగుతారు?"

ఆయన అబద్ధం చెప్పడం లేదు. నిజంగానే తెలియదు. మా వీధిలో సగం మంది పని అంతే, బొమ్మ వస్తుంది, చెక్కుతాం. మా మోకాళ్లు మోకాళ్లేనని నాకు తెలియడానికి కారణం ఎవరో ఒకావిడ ఫోను చేసి ఎడమ నాలుగో సైజు అడగడం. ఆ వలయం గురించి ఎవరూ ఫోను చేయలేదు.

"అడిగి రా అన్నా. అది ఏ మెషిన్లో బిగిస్తారో, ఎవరి ఫ్యాక్టరీలోనో. రాతలో ఇమ్మను. అప్పుడు నింపుతాను."

ఆయన విసుక్కుంటూనే వెళ్లి ఈమెయిలు పెట్టాడు. సాధారణ వినియోగానికి అని జవాబు వచ్చింది. ఏ ఫ్యాక్టరీ అని నేను మళ్లీ అడగమన్నాను. రెండోసారి అడిగాక జవాబు రాలేదు. వారం ఆగి ఫోను చేస్తే ఆ నంబరు పనిచేయడం లేదు.

ఆర్డరు పోయింది. నా వల్లే పోయిందని ఆయన వీధంతా చెప్పాడు. నెల రోజులు, స్టేషనులో ఎదురుపడితే పక్క ప్లాట్‌ఫారం వైపు చూస్తూ నడిచేవాడు. నాకు బాధగానే ఉండేది. తప్పు చేశానా అని మా ఆయన్ని అడిగితే, టికెట్ లేకుండా ఎక్కినవాళ్లు కూడా కండక్టరునే తిడతారు అన్నాడు.

ఇప్పుడు మాట్లాడతాడు. మొన్న వాళ్ల షెడ్డుకు వెళితే టీ తెప్పించాడు. ఆ వలయాలు దేనికో మా ఇద్దరికీ ఈరోజుకూ తెలియదు. శాంపిల్ కోసం మామూలు ఉక్కుతో ముందుగా చేసిన నాలుగు మాత్రం ఆయన దగ్గర మిగిలాయి. చాలా మంచి పనితనం, ఎక్కడా గీత లేదు. మూడు బీరువాలో పెట్టాడు. నాలుగోది తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టుకున్నాడు.